నల్గొండల సైకిల్ మీద ఒక ఆదివారం గడపాలంటే యాడికి పోవాలె?

నీలగిరి_గేరు
దసరాకు గేర్ల సైకిల్ కొన్న. పొద్దుగాల డ్యూటీకి పోయేముందు ఒక గంట తొక్కుడు అలవాటైంది. ఇప్పుడు మనసుల ఉన్నదేందంటే, ఒక ఆదివారం మొత్తం తీరుబడిగ సైకిల్ మీదనే గడపాలె. రేసు వద్దు, టైం చూసుకునుడు వద్దు. ఆగబుద్ధైన కాడ ఆగుడు, చాయ్ తాగుడు, ఏదన్న చూసుడు, మళ్ల తొక్కుడు. దోస్తులను అడిగితే "నల్గొండల ఏముందిరా చూడటానికి? సైకిల్ కారు మీద కట్టి హైదరాబాద్ పోదాం, ఆడ ఓఆర్ఆర్ పక్కపొంటి ట్రాక్ ఉంది" అంటున్రు. వంద కిలోమీటర్లు కారుల పోయి ఇరవై కిలోమీటర్లు సైకిల్ తొక్కుడేందో నాకైతే సమజ్ కాలే. నార్కట్‌పల్లి దిక్కు పోయి చూసిన. లారీలు చెవు పక్కకెళ్లి పోతున్నయ్, మళ్ల అటు పోబుద్ధి కాలే. ఊళ్లె, ఊరి చుట్టుపక్కల అయ్యే ముచ్చట ఏమన్న ఉందా? తెలిసినోళ్లు చెప్పున్రి.

గడియారం_సెంటర్
ఉంది. గడియారం చుట్టూ తిరుగు. పది చుట్లు తిరిగితే ఎదురొచ్చిన ఆటోలకు బ్రేకులు కొట్టుడుతోనే ఒళ్లు కరుగుతది.

పానగల్లు_పోరడు
అన్నా, పానగల్లు మర్చిపోయి నల్గొండల ఏముందంటే ఎట్ల? నాలుగు కిలోమీటర్లు ఉండదు. పచ్చల సోమేశ్వరుడు, ఛాయా సోమేశ్వరుడు, మ్యూజియం, ఉదయసముద్రం కట్ట. ఒక్క ఊళ్లె ఇన్ని ఉన్నయ్. తీరుబడిగ చూస్తే పొద్దు సరిపోదు.

బ్రెవెట్_బాబాయ్
ట్రాక్‌ను అంత తేలిగ్గా తీసిపారేయకండి. 2023 అక్టోబరు 1న తెరిచారు, 23 కిలోమీటర్లు, పైన సోలార్ పలకలు, రాత్రికి లైట్లు. లారీ భయం లేకుండా తొక్కాలంటే మన రాష్ట్రంలో అంతకన్నా మంచి చోటు నాకు కనిపించలేదు. ఇక పానగల్లు పోయి రావడం ఎనిమిది కిలోమీటర్లు. దాన్ని సైక్లింగ్ అనరు, వాకింగ్‌కి చక్రాలు తగిలించుకోవడం అంటారు. 200 కిలోమీటర్ల బ్రెవెట్‌కి, అంటే గడువులోపు పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ యాత్రకి, ఇచ్చేదే పదమూడున్నర గంటలు. ఒక రోజంతా చేతిలో ఉంటే ఎంత దూరం వెళ్లొచ్చో ఆలోచించండి.

నీలగిరి_గేరు
@బ్రెవెట్_బాబాయ్ నాకు పదమూడున్నర గంటలు తొక్కే మోకాళ్లు లేవు సార్. ఉన్నా తొక్క. ఆగుడే నాకు కావాల్సింది.

పాలక్యాను
మా నాయిన ముప్పై ఏండ్లు తిప్పర్తి దిక్కుకెళ్లి రెండు పెద్ద క్యాన్లు కట్టుకొని నల్గొండకు పాలు తెచ్చిండు. గేర్లు లేవు, హెల్మెట్ లేదు, యాప్ లేదు. ఆయనను ఎవ్వరు సైక్లిస్ట్ అనలే. ఇప్పుడు యాభై వేల సైకిల్ కొని ఎనిమిది కిలోమీటర్లు పోవాలా వద్దా అని చర్చలు పెడుతున్రు. నవ్వొస్తున్నది.

గడియారం_సెంటర్
నవ్వు తమ్మీ, నవ్వుతే పైసలు పడవు. ఆయన పని కోసం తొక్కిండు, ఈయన పని లేక తొక్కుతున్నడు. రెండూ తొక్కుడే.

రామగిరి_రాధ
పానగల్లు పోరడు చెప్పింది కరెక్టే గానీ ఒక మాట మరిచిపోయిండు. ఊళ్లోంచి పానగల్లుకు పోతే బైపాస్ తగులుతది. అద్దంకి రోడ్డు లారీలు ఆదివారం అని ఆగవు. ఆ క్రాసింగ్ కాడ దిగి, సైకిల్ నడిపించుకొని దాటాలె. నేనూ మా బిడ్డా కలిసి పోతాం. బిడ్డకు ముందే చెప్పిపెట్టిన, అక్కడ పెడల్ మీద కాలు ఉండొద్దని.

ఇంకొకటి, ఆడోళ్లు ఎవరన్న చదువుతుంటే: చున్నీ వెనక్కి ముడేసుకోవాలె, లేకుంటే అసలు వేసుకోవద్దు. చైన్‌ల పడితే ఎంత ఘోరమో నాకు తెలుసు. చైన్ మీద కవర్ లేని సైకిల్ అయితే చూడీదార్ కుడికాలి గుండ ఒక రబ్బరు బ్యాండు. జుట్టుకు పెట్టేదే సరిపోతది.

డబుల్_బెల్
అక్కా లేడీస్ సైకిల్ తీసుకుంటే ఈ తిప్పలన్ని ఉండవు కదా, ముందు బుట్ట కూడ వస్తది.

రామగిరి_రాధ
బుట్ట మీ సైకిల్‌కు పెట్టించుకోండి తమ్ముడూ. కూరగాయలు మీరు తెద్దురు గానీ.

గడియారం_సెంటర్
డబుల్ బెల్‌కు సింగిల్ దెబ్బ.

రిటైర్డ్_సోషల్_సారు
చర్చ బాగుంది. నేను నల్గొండలోనే ఉద్యోగం చేసి విరమించిన వాణ్ణి. ఈ వయసులోనూ రోజూ కాస్త సైకిల్ తొక్కుతాను, గేర్లు లేని పాత నల్ల సైకిల్. పానగల్లు వెళ్లేవారికి కొన్ని సంగతులు.

పానగల్లు ఒకప్పుడు రాజధాని. కందూరు చోడులు ఇక్కడి నుంచి పాలించారు. ఉదయసముద్రం వాళ్లు తవ్వించిన చెరువే. ఆ పేరు ఉదయ చోడుడిది. ఆ తరవాత కాకతీయులు వచ్చారు. ఇప్పుడు అదే చెరువు మాధవరెడ్డి ప్రాజెక్టుకు బ్యాలెన్సింగ్ రిజర్వాయర్. నాగార్జునసాగర్ వెనక నీటిని పుట్టంగండి దగ్గర ఎత్తిపోస్తే, అక్కంపల్లి మీదుగా కాలువలో ఇక్కడికి వస్తుంది. అంటే కట్ట మీద నిలబడి మీరు చూసేది కృష్ణ నీళ్లు. ఫ్లోరైడ్ బోరు నీళ్లు తాగి నడుములు వంగిపోయిన వాళ్లను చూసిన జిల్లా మనది. ఆ నీళ్లను చూడడానికే పోయినా పోయినట్టే.

పచ్చల సోమేశ్వరాలయం దగ్గర తొందర పడకండి. లోపలికి పోయి దండం పెట్టి బయటికి రావడం కాదు, గోడల చుట్టూ తిరగండి. నల్లరాతి మీద రామాయణ భారత కథలు వరసగా చెక్కారు. పొద్దున పక్కవాటుగా ఎండ పడినప్పుడు బొమ్మలు గోడలోంచి లేచొస్తాయి. నడినెత్తిన సూర్యుడు ఉన్నప్పుడు అంతా చదునుగా నల్లగా కనిపిస్తుంది. కాబట్టి ముందు పచ్చల గుడి, తరవాత మ్యూజియం, ఆ తరవాత ఛాయ గుడి. ఈ వరస తప్పొద్దు.

నీలగిరి_గేరు
సార్, ఇట్లాంటిదే కావాలనుకున్న. ఛాయ గుడికి పొద్దెక్కినంక పోతే నీడ కనపడుతదా?

పానగల్లు_పోరడు
పొద్దంత కనపడుతది అన్నా. అదే కదా దాని కత. సూర్యుడు యాడున్నా నీడ కదలదు. గర్భగుడి లోపలి గోడ మీద, లింగం వెనక, నిలువుగ ఒక నీడ నిలబడి ఉంటది. బయట స్తంభాలల్ల ఏ స్తంభం నీడనో ఎవ్వరు చెప్పలేరు.

డబుల్_బెల్
దేవుని మహిమ బ్రో.

ఫిజిక్స్_బ్యాక్‌బెంచ్
మహిమ దేవుడిదే కావచ్చు, లెక్క మాత్రం శిల్పిది. ఎండ నేరుగా లోపల పడదు. మండపం పక్కల నుంచి వెలుతురు చెదిరి లోపలికి వస్తుంది. అలా వచ్చిన వెలుతురులో స్తంభాల నీడలు కలిసి ఒక్క స్తంభం నీడలా కనిపిస్తాయి. ఒక ఫిజిక్స్ లెక్చరర్ నమూనా కట్టి చూపించాడు. అందుకే స్తంభాల దగ్గర మనం నిలబడినా మన నీడ ఆ గోడ మీద పడదు. పోయినప్పుడు చేయి ఊపి చూడండి.

డబుల్_బెల్
గుళ్లె చేతులు ఊపుకుంట నిలబడితే పూజారి ఏమంటడో అది కూడ చెప్పు బ్రో సైన్సుల.

పాలక్యాను
లెక్చరర్ కట్టినా లెక్కనే, రాజు కట్టినా లెక్కనే. రాయి మోసినోని పేరు ఏ శాసనంల లేదు.

మోడరేటర్
దేవుడు, సైన్సు, రాజుల పంచాయితీ వేరే చోట పెట్టుకోండి. ఇది సైకిల్ ముచ్చట.

పంక్చర్_సొల్యూషన్
ఎవ్వరు పంక్చర్ ముచ్చట తీయలే, ఇది మరీ ఆశ్చర్యం. చెరువు కట్ట పొంటి, కాలువల పొంటి సర్కారు తుమ్మ ఉంటది. ఆ ముళ్లు కారు టైరుకే దిగుతయ్, సైకిల్ టైరు ఎంత. గుర్తుపెట్టుకోవాల్సినయి:

తుమ్మకొమ్మ నరికేసిన కాడ రోడ్డు దిగొద్దు. దిగాల్సొస్తే సైకిల్ ఎత్తుకొని నడువున్రి.

ముల్లు కనపడంగనే పీకొద్దు. కొన్నిసార్లు ముల్లే బిరడా లెక్క గాలి ఆపుతది. మెల్లగ తగ్గుతుంటే గాలి కొట్టుకుంట ఇంటికి చేరొచ్చు. పీకినవంటే ఆడనే కూసుంటవ్.

ట్యూబు మార్చినా, అతుకేసినా, టైరు లోపల వేళ్లతోటి చుట్టూ తడిమి చూడాలె. చిన్న ముల్లుమొన లోపల ఉండిపోతది. బయటికెళ్లి కనపడదు. కొత్త ట్యూబు పెట్టి నాలుగు అడుగులు పోంగనే మళ్ల తుస్సు. అందరు ట్యూబు కంపెనీని తిడుతరు, ముల్లు మాత్రం ఆడనే ఉంటది.

గేర్ల సైకిల్‌కు సన్న వాల్వ్ ఉందా, మోటు వాల్వ్ ఉందా చూసుకో. సన్నదైతే పెట్రోల్ బంకుల గాలి ఎక్కదు. చిన్న ఇత్తడి మూత అసొంటిది దొరుకుతది, అది తిప్పి పెడితే ఎక్కుతది. జేబుల ఏసుకో.

నీలగిరి_గేరు
మోటుదే అన్నా. కానీ నేను పంపు కొనలే. ఊళ్లె షాపాయన "గాలి నా కాడ ఫ్రీనే కదా, పంపు ఎందుకు" అన్నడు.

పంక్చర్_సొల్యూషన్
ఉదయసముద్రం కట్ట మీదికి ఆయన షాపు తీసుకొని వస్తడా?

బత్తాయి_తోట
మా తోట దిక్కు కూడ రండి ఎవరన్నా. సైకిల్ మీద వచ్చినోళ్లకు బత్తాయిలు ఉచితం. కారుల వచ్చినోళ్లకు మార్కెట్ రేటు.

గడియారం_సెంటర్
కారుల వచ్చి గేటు కాడ సైకిల్ దింపుకొని లోపలికొస్తే?

బత్తాయి_తోట
అప్పుడు డబుల్ రేటు.

హైదరాబాద్ల_ఉంట
నల్గొండ వదిలి చానా కాలమైంది. ఇది చదువుతుంటే పాణం గుంజుతున్నది. చిన్నప్పుడు ప్రకాశం బజారు దిక్కు అద్దె సైకిళ్లు ఉండేటియి. గంటకు ఇంత అని. మనూరు తెలిసినోడైతేనే ఇస్తుండె, "ఎవ్వల పిల్లగానివిరా" అని అడిగి మరీ. గంట అయిపోతుందని కొద్ది దూరం పోయి రాంగనే చమటలు. అప్పట్ల లతీఫ్ సాబ్ గుట్ట కింది దాక తొక్కుడే మాకు పెద్ద యాత్ర. ఆ షాపులన్ని పోయినయ్. అట్లాస్ కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీ కూడ 2020 జూన్ 3 నాడు మూతపడ్డది. సరిగ్గ ప్రపంచ సైకిల్ దినం నాడే. ఆ వార్త చదివిన రోజు అన్నం సయించలే.

నేను ఆ సోలార్ ట్రాక్ పక్కనే ఉంట. మంచిగనే ఉంటది. కాకపోతే చాయ్ బండి కాడ ఆపి ముచ్చట పెడుదామంటే కుదరదు. ఒక దిక్కు కంచె, ఇంకో దిక్కు కార్లు. తీరుబడిగ తిరుగుడు కావాలంటే నల్గొండనే నయం.

బ్రెవెట్_బాబాయ్
ట్రాక్ కట్టింది తొక్కడానికి, చాయ్ తాగడానికి కాదండీ.

హైదరాబాద్ల_ఉంట
అందుకేనేమో వారంల సగం రోజులు ఖాళీగ ఉంటది.

రిటైర్డ్_సోషల్_సారు
లతీఫ్ సాహెబ్ గుట్ట ప్రస్తావన వచ్చింది కాబట్టి: సైకిల్ కింద పెట్టి మెట్లు ఎక్కండి. పైన దర్గా ఉంది. అక్కడి నుంచి చూస్తే ఊరు రెండు గుట్టల మధ్య ఎలా కూర్చుందో అర్థమవుతుంది. ఎదురుగా కాపురాల గుట్ట. అయితే ఇది ఎండెక్కాక పెట్టుకునే పని కాదు. వేసవిలో మన జిల్లాలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. ఆ రాయి మీద కాలు పెట్టలేరు.

బ్రెవెట్ బాబాయ్ గారికి దూరం కావాలంటే చందుపట్ల వెళ్లమనండి. నకిరేకల్ మండలం. రుద్రమదేవి మరణం గురించి చెప్పే శాసనం అక్కడే ఉంది, 1289 నాటిది. అది దొరికే వరకు ఆమె ఎప్పుడు పోయిందో చరిత్రకారులకు స్పష్టత లేదు. పొలాల ఊరు. సైకిల్‌కు తగిన గమ్యం.

బ్రెవెట్_బాబాయ్
ఇది బాగుంది సార్. మ్యాప్‌లో పెట్టుకున్నాను.

చెర్వుగట్టు_ఘాట్
గుట్ట ఎక్కే సరదా ఉన్నోళ్లకు చెర్వుగట్టు ఉంది. జడల రామలింగేశ్వరుని ఘాట్ రోడ్డు. అమాస నాడు మాత్రం వద్దు. జనం, బండ్లు, టెంకాయ బస్తాలు, కాలు పెట్ట సందు ఉండదు. ఎక్కేటప్పుడు చిన్న గేరు ముందే ఏసుకోవాలె. ఎక్కుడు మొదలైనంక మారిస్తే చైన్ కిర్రుమని ఊడుతది.

నీలగిరి_గేరు
పోయొచ్చిన. ముందు సారుకు దండాలు, వరస చెప్పినందుకు.

చీకటి ఉండంగనే లేచిన. ఎన్జీ కాలేజీ గ్రౌండు ముందటికెళ్లి పోతుంటే వాకింగ్‌కు వచ్చినోళ్లు అప్పుడే దిగుతున్రు. బైపాస్ కాడ రాధక్క చెప్పినట్టు దిగి నడిచిన. నా వెనక ఒక పెద్దాయన గడ్డిమోపు కట్టిన సైకిల్ మీద వచ్చి, నేను ఇటు అటు చూసేలోపట దాటి పోయిండు. పోతపోత "ఖరాబైందా బిడ్డా" అని అడిగిండు.

పచ్చల గుడి గోడలకు ఎండ పక్కకెళ్లి పడుతున్నది. సారు చెప్పింది ముమ్మాటికి నిజం. నేను చిన్నప్పుడు బడితోని వచ్చిన గానీ గోడలు చూసినట్టే యాది లేదు. ఒక బొమ్మ కాలి అందె మీద గోరంత గోరంత గజ్జెలు. ఒక్కొక్క గజ్జెకు నడుమ చీలిక కూడ చెక్కిన్రు. ఆడ ఎంతసేపు కూసున్ననో తెల్వదు. ఎవ్వరు తొందర పెట్టలే.

మ్యూజియం చూసి ఛాయ గుడికి పోయిన. పొలాల నడుమకెళ్లి దారి. నాటు ఏసే టైం, ట్రాక్టర్ కేజ్‌వీళ్ల మట్టి రోడ్డంత పడ్డది. కొంచెం జారింది. గుడి పక్కన కోనేరుల నీళ్లు నిండుగ ఉన్నయ్. నీడ చూసిన. ఫిజిక్స్ అన్న చెప్పినట్టు చెయ్యి కూడ ఊపిన, నా నీడ పడలే. పూజారి చూసిండు గానీ ఏమనలే. "పొద్దటికెళ్లి నువ్వు నాలుగోనివి" అన్నడు.

ఎండెక్కినంక కట్ట మీదికి పోలే. ఊళ్లె ఒక హోటల్ల ఇడ్లీ తిని, చెట్టు కింద గద్దె మీద పండుకున్న. నిజంగ నిద్ర పట్టింది. లేచి చూస్తే సైకిల్ చుట్టూ నలుగురు పోరగాండ్లు. ఒకడు గేర్లు లెక్క పెడుతున్నడు, ఇంకొకడు బెల్లు కొడుతున్నడు. "అన్నా ఇన్ని గేర్లు ఉన్నయ్ కదా, మరి ఇంత మెల్లగ ఎందుకొచ్చినవ్" అని అడిగిన్రు. ఒక్కొక్క రౌండు ఇచ్చిన.

మాపటికి ఉదయసముద్రం. గాలి అటుకెళ్లి ఇటు కొడుతున్నది. పుట్టిల ఇద్దరు వల తీస్తున్రు, నీటికాకులు వాళ్ల చుట్టే తిరుగుతున్నయ్. కట్ట కాడ బండి మీద మిర్చి బజ్జీలు, ఉల్లిగడ్డ ముక్కలు ఏసి నిమ్మకాయ పిండి ఇచ్చిండు. ఇగ అంతే. ఇంటికొచ్చిన.

డబుల్_బెల్
తొక్కుడు తక్కువ, తినుడు ఎక్కువ ఉందన్నా.

బ్రెవెట్_బాబాయ్
మొత్తం ఎన్ని కిలోమీటర్లు అయింది?

నీలగిరి_గేరు
యాప్ పెట్టలే సార్.

బ్రెవెట్_బాబాయ్
యాప్ పెట్టకుండా రోజంతా తొక్కారా?

గడియారం_సెంటర్
బాబాయ్‌కు నీళ్లు ఇయ్యున్రి ఎవరన్నా.

రామగిరి_రాధ
మోకాళ్లు ఎట్లున్నయ్? మొదట్ల అందరికి నొప్పి వస్తది. సీటు కిందికి ఉంటే ఇంకా వస్తది. సీటు మీద కూసొని, పెడల్ అడుగున ఉన్నప్పుడు దాని మీద మడిమె పెట్టి చూడు. కాలు సక్కగ చాపినట్టు ఉండాలె. తొక్కేటప్పుడు పాదం ముందరి భాగం పెడతాం కాబట్టి కొంచెం వంపు వస్తది, అది చాలు. షాపులల్ల కాళ్లు రెండూ నేల మీద ఆనేటట్టు కిందికి దించి ఇస్తరు. కొన్నోళ్లు అట్లనే తొక్కి, సైకిల్ పడలేదని మూలకు పెడతరు.

నీలగిరి_గేరు
అక్కా ఇప్పుడే చూసిన, మోకాలు మడిచే ఉంది. రెండు వేళ్లంత లేపిన.

పాలక్యాను
గడ్డిమోపు తాత ముచ్చట బాగుంది. ఆ తాతనే అసలు సైక్లిస్ట్ అని రాస్తవనుకున్న, రాయలే, మంచి పని చేసినవ్. మా నాయినకు నీ పోస్టు చదివి వినిపించిన. "పానగల్లు కట్ట మీద గాలికి ఎదురు తొక్కుడు కష్టం, పోయేటప్పుడు ఎదురుగాలి ఉండేటట్టు చూసుకోవాలె, వచ్చేటప్పుడు అదే నూకుతది" అన్నడు. క్యాన్లు కట్టిన్నాడు అట్లనే లెక్క చూసుకునేటోడట.

బ్రెవెట్_బాబాయ్
మీ నాన్నగారు చెప్పింది మేము క్లబ్బులో కొత్తవాళ్లకు చెప్పే మొదటి పాఠం. ఆయన ఇప్పటికీ తొక్కుతారా?

పాలక్యాను
మానేసిండు. సైకిల్ మాత్రం అమ్మనిస్తలేడు. క్యాన్ల కొండ్లు కూడ అట్లనే ఉన్నయ్ దానికి.

హైదరాబాద్ల_ఉంట
వచ్చే పండుగకు ఊరికొస్త. నా కాడ సైకిల్ లేదు. పాలక్యాను, నాయినను అడుగు, ఒక్క పూట ఇస్తడేమో. గంటకు ఇంత అని అద్దె కడత.

పాలక్యాను
అడిగిన. "ఎవ్వల పిల్లగాడు" అని అడుగుతున్నడు.

రిటైర్డ్_సోషల్_సారు
చందుపట్ల ఎవరెవరు వస్తారో చెబితే నేను శాసనం పాఠం అచ్చు తీసి తెస్తాను. నా సైకిల్‌కు గేర్లు లేవు, కాబట్టి వేగం నాది ఉంటుంది. బ్రెవెట్ బాబాయ్ గారు ముందు వెళ్లి అక్కడ ఎదురుచూడాలి.

బ్రెవెట్_బాబాయ్
మీతోనే వస్తాను సార్. యాప్ మాత్రం పెట్టుకుంటాను.

బత్తాయి_తోట
వచ్చేటప్పుడు తోట మీదికెళ్లే రండి. మాట మాటే.

నీలగిరి_గేరు
నేనొస్త. రాధక్క, బిడ్డను కూడ తోలుకొని రా.

రామగిరి_రాధ
పరీక్షలు అయినంక అయితే వస్తాం.

పంక్చర్_సొల్యూషన్
అందరు వస్త వస్త అంటున్రు, పంపు ఎవరు తెస్తరో ఒక్కరు రాయలే. నేను సొల్యూషన్, అతుకులు, టైరు లివర్లు తెస్త. పంపు నీలగిరి గేరు కొనాలె. ఈసారి షాపాయన ఏమన్నా ఇనొద్దు.